ఇంటి రౌటర్‌కి నాలుగు పోర్టుల నెట్‌వర్క్ కార్డు: విశాఖలో ఉండి ఎంచుకోవడం, తెప్పించుకోవడం, పరీక్షించుకోవడం

పాత ఆఫీసు పీసీలో ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి రౌటర్ సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి వేసి రౌటర్‌గా వాడుకుందామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది "ఏ కార్డు కొనాలి?" అని. నిజానికి అది మూడో ప్రశ్న. మొదటిది ఎన్ని పోర్టులు కావాలన్నది. రెండోది మీ పీసీలో ఏ స్లాటు ఖాళీగా ఉందన్నది. ఈ వరుస తప్పితే బిగించడానికే వీల్లేని కార్డు ఇంటికొస్తుంది.

కింద కమాండ్ల పేర్లు పలికినట్టు రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్ద అక్షరం కావాల్సినచోట విడిగా చెప్పాం.

## 1. ముందు పోర్టులు లెక్కపెట్టండి

రౌటర్ పోర్టు వేరు, స్విచ్ పోర్టు వేరు. టీవీ, ప్రింటర్, డెస్క్‌టాప్ తగిలించడానికి పోర్టులు చాలవంటే ఐదో ఎనిమిదో పోర్టుల స్విచ్ కొనుక్కోవాలి, నెట్‌వర్క్ కార్డు కాదు. నాలుగు పోర్టుల కార్డును బ్రిడ్జి చేసి, అంటే పోర్టులన్నిటినీ ఒకే నెట్‌వర్క్‌గా కలిపి, స్విచ్‌లా వాడొచ్చు కానీ, స్విచ్ చిప్పు ఉచితంగా చేసే పనిని అప్పుడు సీపీయూ చెయ్యాల్సి వస్తుంది. కరెంటూ వేడీ దండగ.

ఒక్కో పోర్టు ఒక్కో విడి నెట్‌వర్క్‌కి. లెక్క ఇలా వెయ్యండి:

- ఇంటర్నెట్ కనెక్షన్లు: ఒకటికి ఒక పోర్టు. మధురవాడలోనో ఎంవీపీ కాలనీలోనో ఇంటి నుంచి ఉద్యోగం చేస్తూ రెండు కనెక్షన్లు పెట్టుకుంటే రెండు
- ఇంటి నెట్‌వర్క్: ఒకటి
- సీసీ కెమెరాల రికార్డర్: ఇంటర్నెట్ మొహం చూపించకుండా విడిగా ఉంచాలంటే ఒకటి
- పైవాటాలో అద్దెకున్నవాళ్ళు, అతిథుల వైఫై: విడిగా ఉంచాలంటే ఒకటి

రెండు దగ్గర ఆగితే రెండు పోర్టుల కార్డు చాలు. మదర్‌బోర్డు మీద ఎలాగూ ఒక పోర్టు ఉంటుంది కాబట్టి మూడవుతాయి. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్స్ మార్చుకోగల స్విచ్) ఉండి వీల్యాన్ (ఒకే తీగ మీద నెట్‌వర్క్‌లను విడదీసే పద్ధతి) పెట్టడం వచ్చినవాళ్ళకి ఒకే పోర్టు మీద కెమెరాలు, అతిథులు, ఇల్లు అన్నీ విడివిడిగా నడుస్తాయి. వాళ్ళకి నాలుగు పోర్టుల కార్డు అవసరమే కాదు. వీల్యాన్ అంటే విసుగు, ఏ తీగ దేనిదో కంటికి కనబడాలి అనుకునేవాళ్ళకే నాలుగు పోర్టులు. అలా కోరుకోవడంలో తప్పేమీ లేదు.

## 2. పీసీ మూత తీసి స్లాటు చూడండి

మోడల్ పేరు చూసి ఊహించొద్దు. మూత తీసి ఫోన్‌తో ఫోటో తీసుకోండి. చూడాల్సినవి నాలుగు.

పొడవు. నాలుగు పోర్టుల గిగాబిట్ కార్డులు ఎక్కువగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్4 సైజులో ఉంటాయి. ఎక్స్4, ఎక్స్8, ఎక్స్16 స్లాట్లన్నిట్లో ఇవి కూర్చుంటాయి. ఎక్స్1 స్లాటుకి చివర గోడ మూసి ఉంటుంది కాబట్టి దిగవు. ఆ గోడను కోసేవాళ్ళూ ఉన్నారు. చెయ్యి జారితే బోర్డు పోతుంది, కాబట్టి మీరు ఆ దారిన వెళ్ళొద్దు.

లోపలి తీగలు. స్లాటు పొడవుగా ఉన్నంత మాత్రాన లోపల అన్ని లేన్లూ (డేటా నడిచే దారులు; ఎక్స్4 అంటే నాలుగు) ఉన్నట్టు కాదు. డెల్ ఆప్టిప్లెక్స్ 7010 చిన్న సైజు పీసీలో రెండు పొడవాటి స్లాట్లు కనిపిస్తాయి. రెండోదానిలో ఉన్నవి నాలుగు లేన్లే. మనకి అవి చాలు. అదే ఆప్టిప్లెక్స్ 3020 చిన్న సైజులో రెండోది ఎక్స్1, కాబట్టి ఎక్స్16 స్లాటునే వాడుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఇబ్బంది లేదు. మరీ పాత బోర్డుల్లో మాత్రం ఎక్స్16లో వేరే కార్డు పెడితే బోర్డు సొంత డిస్‌ప్లే ఆగిపోవడం ఉంది.

తరం. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0లో ఒక్కో లేన్ ఒక్కో దిశలో సెకనుకి 500 మెగాబైట్లు మోస్తుంది. అంటే 4 గిగాబిట్లు, ఖర్చులు పోను ఇంకాస్త తక్కువ. నాలుగు గిగాబిట్ పోర్టులు ఒకేసారి నిండుగా పరుగెత్తినా దాదాపు ఒక్క లేన్‌కి సరిపోతుంది. 1.0 తరంలో ఇది సగం. ఇంటి వాడకానికి లేన్ల గురించి ఇంతకుమించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఎత్తు. నిలువు టవర్ క్యాబినెట్‌కి పొడవు బ్రాకెట్, సుమారు 120 మిల్లీమీటర్లు. చిన్న సైజు ఆఫీసు పీసీకి పొట్టి బ్రాకెట్, సుమారు 80 మిల్లీమీటర్లు. కార్డు ఒకటే, రేకు మారుతుంది. కానీ పొట్టి రేకు విడిగా దొరకడం కార్డు దొరకడం కన్నా కష్టం. అడిగి, ఫోటోలో చూసి, కార్డుతోపాటే తీసుకోండి. రేకు లేకుండా కార్డును వేలాడదీస్తే తీగ లాగిన ప్రతిసారీ స్లాటు మీద బరువు పడుతుంది.

టైనీ, మైక్రో, మినీ అని అమ్మే అరచేతి సైజు పీసీల్లో సాధారణంగా స్లాటే ఉండదు. లెనోవో థింక్‌సెంటర్ ఎం720క్యూ, ఎం920క్యూ మినహాయింపు. వీటికి విడిగా రైజర్ ముక్క (కార్డు దిగే స్లాటున్న చిన్న బోర్డు) కొని కార్డు పెట్టొచ్చు. అది పెట్టాక 2.5 అంగుళాల డిస్కుకి చోటుండదు, ఎం.2 డిస్కు వాడాలి.

## 3. చిప్పును బట్టి కొనండి, డబ్బా మీది పేరును బట్టి కాదు

డెల్, హెచ్‌పీ, లెనోవో సర్వర్ కార్డుల్లో చాలావాటి మీద ఉన్నది ఇంటెల్ చిప్పో బ్రాడ్‌కామ్ చిప్పో. డ్రైవర్ పనిచేసేది చిప్పుతో.

ఐ350: అనుమానం ఉంటే ఇదే. నాలుగు పోర్టులైతే ఐ350-టీ4, రెండైతే ఐ350-టీ2. లినక్స్‌లోనూ (ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి పునాది ఇదే), ఫ్రీబీఎస్‌డీలోనూ (ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్‌లకి పునాది ఇదే) ఐజీబీ డ్రైవర్‌తో అదనంగా ఏమీ వెయ్యకుండా నడుస్తుంది. నాలుగు పోర్టులదీ సుమారు 5 వాట్లే లాగుతుంది. రోజంతా నడిస్తే ఏడాదికి 44 యూనిట్లు. ప్రాక్స్‌మాక్స్‌లో (ఒకే పీసీలో పలు వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) వర్చువల్ మెషీన్లకి పోర్టులు పంచుకోవాలన్నా అందుకు కావాల్సిన ఎస్ఆర్-ఐఓవీ ఇందులో ఉంది. హెచ్‌పీ 366టీ అన్నా ఇదే చిప్పు.

82580, అంటే ఐ340-టీ4, హెచ్‌పీ ఎన్‌సీ365టీ. ఐ350కి ముందుది. ఎస్ఆర్-ఐఓవీ లేదు. మామూలు రౌటర్ పనికి లోటేమీ లేదు. ఐ350 కన్నా బాగా తక్కువకి వస్తే తీసుకోండి.

బ్రాడ్‌కామ్ 5719, అంటే హెచ్‌పీ 331టీ. లినక్స్‌లో టీజీ3, ఫ్రీబీఎస్‌డీలో బీజీఈ డ్రైవర్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, ప్రాక్స్‌మాక్స్ వాడేవాళ్ళు నిశ్చింతగా కొనొచ్చు. ఓపీఎన్‌సెన్స్ వాడేవాళ్ళు ధరలో పెద్ద తేడా ఉంటేనే చూడండి.

82571, అంటే ప్రో/1000 పీటీ క్వాడ్, హెచ్‌పీ ఎన్‌సీ364టీ. పనిచేస్తుంది. కానీ 10 వాట్లు దాటి లాగుతుంది, ఏడాదికి 88 యూనిట్ల పైమాటే. మే నెలలో ఏసీ లేని గదిలో దీని హీట్‌సింక్ మీద వేలు పెట్టి చూస్తే ఎందుకు వద్దంటున్నామో తెలుస్తుంది. ఊరికే ఇస్తే తప్ప వద్దు.

రియల్‌టెక్ నాలుగు పోర్టుల కార్డులు. నాలుగు 8111 చిప్పుల్ని ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్విచ్ చిప్పుకి తగిలించి, ఎక్స్1 స్లాటులో కూర్చునేలా చేస్తారు. లినక్స్‌లో ఫర్వాలేదు. ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే వాటిలో లోడు పడినప్పుడు "వాచ్‌డాగ్ టైమ్‌అవుట్" అంటూ పోర్టు పడిపోవడం మామూలు ఫిర్యాదు. ఓపీఎన్‌సెన్స్‌లో రియల్‌టెక్ సొంత డ్రైవర్ ప్లగిన్ వేస్తే చాలావరకు కుదురుతుంది. మీ దగ్గరున్నది ఎక్స్1 స్లాటే అయితే ఇంతకన్నా దారి తక్కువ.

కొనకూడనివి:

- హెచ్‌పీ ఎన్‌సీ375టీ: ఇంటెల్ కాదు, నెట్‌జెన్ చిప్పు. డ్రైవర్ తలనొప్పి
- పేరు చివర ఎఫ్ఎల్ఆర్ అని ఉన్న హెచ్‌పీ కార్డులు, డెల్ ఎన్‌డీసీ, ఓసీపీ, మెజనైన్ కార్డులు: వీటి కనెక్టరే వేరు, పీసీ స్లాటులో దిగవు. సర్వర్ తుక్కు అమ్మేచోట అతి చవగ్గా కనిపించేవి ఇవే
- పాత పీసీఐ, పీసీఐ-ఎక్స్ కార్డులు: పాత పీసీఐ దారి మొత్తం సెకనుకి 133 మెగాబైట్లు. నాలుగు పోర్టులూ దాన్నే పంచుకోవాలి
- ఐ350-ఎఫ్4: ఫైబర్ పోర్టులది. మామూలు ల్యాన్ తీగ దూరదు

## 4. 2.5 గిగాబిట్, 10 గిగాబిట్ ఎవరికి?

ఇంటర్నెట్ కనెక్షన్ 1 గిగాబిట్ లోపే అయితే, ఇంట్లో పెద్ద ఫైల్ సర్వర్ లేకపోతే, ఈ భాగం వదిలేసి ఐదుకి వెళ్ళండి.

2.5 గిగాబిట్‌లో ఇంటెల్ ఐ225-వీ తొలి విడత చిప్పుల్లో ప్యాకెట్ల మధ్య ఎడం సరిగ్గా పాటించని లోపం ఉంది. కొన్ని స్విచ్‌లతో ప్యాకెట్లు పోయి వేగం కుప్పకూలుతుంది. అది సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా నయమయ్యేది కాదు. కొంటే మూడో విడత చిప్పు, లేదా ఐ226-వీ. ఐ226లో లింకు ఉండుండి తెగుతుంటే మొదట ఈఈఈ అనే విద్యుత్ పొదుపు సెట్టింగ్ ఆపి చూడాలి. రియల్‌టెక్ 8125 లినక్స్‌లో బాగానే నడుస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో ప్లగిన్ కావాలి.

10 గిగాబిట్‌లో ఎక్స్520-డీఏ2, ఎక్స్540-టీ2 పాత సర్వర్ల నుంచి వస్తుంటాయి. రెండూ 2.5 గిగాబిట్ మాట్లాడవు: 10, లేదా 1. అది తెలియక 2.5 స్విచ్‌కి తగిలించి 1 గిగాబిట్ దగ్గరే నిలిచిపోయామని వాపోయేవాళ్ళు చాలామంది. రాగి తీగ మీద 2.5 కూడా కావాలంటే ఎక్స్550-టీ2. ఎక్స్540 వేడి మామూలుది కాదు, రెండు పోర్టులూ 10 గిగాబిట్‌లో నడుస్తుంటే 15 వాట్లు దాటొచ్చు. సర్వర్‌లో ఈదురుగాలి లాంటి ఫ్యాన్ ముందు ఉండాల్సిన కార్డది. పీసీలో పెడితే హీట్‌సింక్ మీదికి 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి తప్పనిసరి.

## 5. విశాఖ నుంచి ఎలా తెప్పించుకోవాలి

మొదట ద్వారకానగర్. ఇక్కడి కంప్యూటర్ షాపుల్లో అల్మారాలో ఉండేది ఎక్కువగా ఒక్క పోర్టు కార్డు, టీపీ-లింక్ టీజీ-3468 లాంటిది. "నాలుగు పోర్టుల కార్డు ఉందా" అని అడిగితే స్విచ్ చేతిలో పెడతారు. "సర్వర్ ల్యాన్ కార్డు, క్వాడ్ పోర్ట్, ఐ350-టీ4" అని కాగితం మీద రాసిచ్చి, ఆర్డర్ మీద తెప్పిస్తారేమో అడగండి. సెకండ్ హ్యాండ్ ఆఫీసు పీసీలు టోకున అమ్మేవాళ్ళని విడిగా కదపండి. కంపెనీలు ఖాళీ చేసిన సర్వర్లు వాళ్ళ గోడౌన్‌కి వచ్చినప్పుడు కార్డుల్ని పీకి పక్కన పడేస్తుంటారు, వాటికి గిరాకీ ఉందని వాళ్ళకే తెలియదు.

సికింద్రాబాద్, చెన్నై, బెంగళూరు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్. అటు వెళ్ళేవాళ్ళుంటే సరే. లేకపోతే ఫోన్‌లో మాట్లాడుకుని కొరియర్‌లోనో ఆర్టీసీ కార్గోలోనో వేయించుకోవచ్చు. కార్గో పార్సిల్ ద్వారకా బస్ స్టేషన్‌కి వస్తుంది, ఇంటికి తెచ్చిస్తారో మీరే వెళ్ళి తెచ్చుకోవాలో బుక్ చేసేటప్పుడే అడగండి.

ఆన్‌లైన్. రిటర్న్ సౌకర్యమే ఇక్కడి లాభం. ఆర్డర్ చేసేముందు తిరిగి పంపే గడువు ఎన్ని రోజులో, "రీప్లేస్‌మెంట్ మాత్రమే" అని మెలిక ఉందో చూడండి. కార్డు వచ్చేనాటికి పీసీ సిద్ధంగా ఉండాలి. పీసీ ఇంకా కొనకుండా కార్డు ముందు తెప్పించుకుంటే గడువు అటకమీదే అయిపోతుంది.

విదేశం నుంచి. అలీఎక్స్‌ప్రెస్ మీద మన దగ్గర 2020 నవంబర్ నుంచి నిషేధం ఉంది. ఈబే లాంటి చోట్ల నుంచి వస్తే కార్డు ధర మీద షిప్పింగ్, కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ, కొరియర్ కంపెనీ క్లియరెన్స్ చార్జీ పడతాయి. ఈ నాలుగూ కలిపి లెక్కేస్తే ఒక్క గిగాబిట్ కార్డు కోసం ఆ దారి చాలాసార్లు గిట్టదు. ఇక్కడ దొరకని ఎక్స్550 లాంటి వాటికైతే ఆలోచించొచ్చు.

అమ్మేవాళ్ళకి వాట్సాప్‌లో ఇలా పంపితే ఒకే జవాబులో విషయం తేలుతుంది:

"నమస్తే అండీ. ఐ350-టీ4 కార్డు కావాలి. మీ దగ్గరున్న అదే కార్డుకి ముందువైపు, వెనకవైపు, స్టిక్కర్ దగ్గరగా ఫోటోలు పెట్టగలరా? పొట్టి బ్రాకెట్ ఉందా? సర్వర్ నుంచి తీసిందా, కొత్తదా? టెస్టింగ్ వారంటీ ఎన్ని రోజులు? బిల్లు ఇస్తారా? కొరియర్‌తో కలిపి విశాఖపట్నానికి మొత్తం ఎంత?"

ఫోటో అడిగితే ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మ పంపేవాళ్ళని వదిలెయ్యండి. పక్కన ఆనాటి తేదీ రాసిన చీటీ పెట్టి తీయమంటే నిజమైనవాళ్ళు ఐదు నిమిషాల్లో పంపుతారు.

## 6. నకిలీలు

ఐ350కి ఉన్న గిరాకీ వల్ల ఇంటెల్ పేరు పెట్టిన నకిలీ కార్డులు బోలెడు తిరుగుతున్నాయి. నకిలీ అంటే పనిచెయ్యదని కాదు. చాలావాటి మీద ఎక్కడినుంచో ఊడబెరికిన అసలు చిప్పే ఉంటుంది, చుట్టూ ఉన్న సామాను నాసి. మొదటి నెల బాగానే నడిచి, ఎండాకాలంలో ఒక పోర్టు ఆరిపోతే అప్పుడు ఎవరిని అడుగుతాం?

చూడాల్సినవి:

- "సీల్డ్ కొత్తది" అంటూ సెకండ్ హ్యాండ్ ధరకి అమ్మడం. ఇది ఒక్కటే చాలు అనుమానానికి
- బోర్డు మీద కంపెనీ పేరు, పార్ట్ నంబర్ ముద్ర లేకపోవడం
- స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రస్‌కీ (ప్రతి నెట్‌వర్క్ పోర్టుకీ ఉండే గుర్తింపు సంఖ్య), కంప్యూటర్‌లో కనిపించేదానికీ పొంతన లేకపోవడం
- నాలుగు పోర్టుల మ్యాక్ అడ్రస్‌లు వరుసగా కాకుండా చెల్లాచెదురుగా ఉండటం, లేదా నాలుగింటికీ ఒకటే ఉండటం

అన్నిటికన్నా తేలిక ఉపాయం: డెల్, హెచ్‌పీ, లెనోవో ముద్ర ఉన్న, సర్వర్ నుంచి తీసిన పాత కార్డు కొనడం. కాస్త దుమ్ము, రేకు మీద గీతలు ఉంటే మంచిదే. తళతళలాడే "పాత" కార్డుని నమ్మడం కష్టం.

## 7. బిగించే ముందు శుభ్రం, తర్వాత బిగింపు

కార్డు ఏ ఊరి సర్వర్‌లో ఎన్నేళ్ళు ఉందో తెలియదు. మన ఊరి ఉప్పుగాలి సంగతి తెలిసిందే.

1. పోర్టుల లోపల టార్చి వేసి చూడండి. బంగారు రంగు తీగల మీద పచ్చటి చిలుము ఉంటే ఆ కార్డు తిరిగి పంపండి. అది రుద్దితే పోయేది కాదు.
2. స్లాటులో దిగే అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని గుడ్డతో ఒకే దిశలో తుడవండి. పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దితే బంగారు పూత పోతుంది.
3. పీసీ ఆపి, పవర్ తీగ పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కిపట్టండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని అప్పుడు కార్డు పట్టుకోండి.
4. అవసరమైతే బ్రాకెట్ మార్చండి. రేకు పోర్టుల మీద బిగుసుకుని కార్డు వంగుతుంటే మరలు వదులు చేసి మళ్ళీ సర్దండి.
5. కార్డును నిటారుగా, రెండు చివరలా సమంగా నొక్కండి. మర బిగించాక కార్డు వెనకచివర పైకి లేవలేదని చూడండి. స్క్రూ బిగిస్తుంటే లేవడం చాలా మామూలు, "కార్డు కనబడటం లేదు" ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే.
6. బయోస్‌లోకి వెళ్ళి కరెంటు పోయి వస్తే తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. డెల్‌లో ఏసీ రికవరీ, హెచ్‌పీ, లెనోవోల్లో ఆఫ్టర్ పవర్ లాస్ అని ఉంటుంది. ఇది మర్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు వెళ్ళి బటన్ నొక్కాలి. తుఫాను రోజుల్లో ఆ ఎవరో ఒకరు ఊళ్ళో ఉండకపోవచ్చు.

## 8. వారంటీ గడువులోనే పరీక్ష

రౌటర్ సాఫ్ట్‌వేర్ వెయ్యకముందే ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి పరీక్షించండి. తప్పు కార్డుదా, సెట్టింగ్‌దా అన్న సందేహం రాదు.

గుర్తింపు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కి -ఎన్ఎన్ జోడించి కొట్టండి. ఐ350 రాగి పోర్టులైతే 8086:1521 అని నాలుగు వరుసలు రావాలి. మూడే వస్తే ఒక పోర్టు పోయింది. ఎక్స్540-టీ2కి 8086:1528, ఎక్స్550కి 8086:1563.

లేన్లు. అదే కమాండ్‌ని ముందు సుడో పెట్టి (అడ్మిన్ హక్కులతో), -వీవీ జోడించి కొడితే లింక్ స్టేటస్ వరుస కనిపిస్తుంది. ఐ350-టీ4కి స్పీడ్ 5 జీటీ, విడ్త్ ఎక్స్4 రావాలి. ఎక్స్4 స్లాటులో పెట్టినా ఎక్స్1 అని చూపిస్తే కార్డు సరిగ్గా కూర్చోలేదు, లేదా అంచు మురికిగా ఉంది.

ఏ పోర్టు ఏది. ఈథ్‌టూల్ కమాండ్‌కి -పీ జోడించి పోర్టు పేరిస్తే ఆ పోర్టు దీపం మిణుకుమంటుంది. నాలుగింటికీ చేసి, రేకు పక్కన 0, 1, 2, 3 అని చీటీలు అంటించండి. ఎడమ నుంచి కుడికి వరుసగా ఉంటాయని అనుకోవద్దు, కొన్ని కార్డుల్లో తిరగేసి ఉంటాయి.

వేగం. ఇక్కడ ఒక బోల్తా ఉంది. ఒకే పీసీలో రెండు పోర్టుల్ని తీగతో కలిపి ఐపెర్ఫ్3 (వేగం కొలిచే ప్రోగ్రాం) నడిపితే చాలా గొప్ప వేగం చూపిస్తుంది, ఎందుకంటే డేటా తీగలోకి వెళ్ళనే వెళ్ళదు, లోపలే తిరుగుతుంది. గిగాబిట్ పోర్టున్న ల్యాప్‌టాప్‌ని రెండోవైపు పెట్టండి. ఒక్కో పోర్టుకి 30 నిమిషాలు, రెండు దిశల్లోనూ. 940 మెగాబిట్ల చుట్టుపక్కల స్థిరంగా రావాలి.

తప్పుల లెక్క. ఈథ్‌టూల్‌కి -ఎస్ (ఇది మాత్రం పెద్ద అక్షరం) జోడించి, పోర్టు పేరిచ్చి చూస్తే సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో చెడిపోయిన ప్యాకెట్ల) అంకె ఉంటుంది. సున్నా ఉండాలి. పెరుగుతుంటే ముందు తీగ మార్చి మళ్ళీ చూడండి. తీగ మార్చినా అదే పోర్టులో పెరుగుతుంటే కార్డు తిరిగి పంపేదే.

## 9. పోర్టుల కేటాయింపు

మదర్‌బోర్డు మీద ఉన్న పోర్టు రియల్‌టెక్‌దైతే దాన్ని ఇంటర్నెట్‌కి పెట్టొద్దు, సెట్టింగ్స్ చూసుకునే అత్యవసర ద్వారంగా ఉంచండి. నాలుగు పోర్టుల్లో 0 మొదటి ఇంటర్నెట్, 1 రెండోది, 2 ఇల్లు, 3 కెమెరాలు. వరుస మీ ఇష్టం, చీటీ మాత్రం ఉండాలి.

కనెక్షన్ మార్చేముందు ఇవి రాసిపెట్టుకోండి:

- పీపీపీఓఈ (ఆపరేటర్ ఇచ్చిన పేరుతో లాగిన్ అయ్యే కనెక్షన్) అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్
- వీల్యాన్ నంబర్ ఉంటే అది. పాత పరికరం సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది
- ఫైబర్ పెట్టెను బ్రిడ్జి మోడ్‌లో (అది రౌటర్ పని మానేసి కనెక్షన్‌ని నేరుగా మన రౌటర్‌కి అందించేలా) పెట్టడం కుదురుతుందా. కుదరకపోతే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. బ్రౌజింగ్‌కి ఇబ్బంది లేదు, బయటినుంచి కెమెరాలు చూడటం కష్టమవుతుంది
- ల్యాండ్‌లైన్, టీవీ అదే పెట్టె నుంచి వస్తుంటే బ్రిడ్జి చేశాక అవి పనిచేస్తాయా

పీపీపీఓఈ వాడే ఓపీఎన్‌సెన్స్ వాళ్ళకో మాట. కార్డులో ఎన్ని క్యూలు ఉన్నా పీపీపీఓఈ ట్రాఫిక్ ఒకే కోర్ మీద పడుతుంది. వేగం 400, 500 దగ్గర ఆగి, ఒక కోర్ నూటికి నూరు శాతం చూపిస్తే కార్డును తిట్టొద్దు. సెట్టింగ్స్‌లోని ట్యూనబుల్స్‌లో నెట్.ఐఎస్ఆర్.డిస్పాచ్ విలువను డిఫర్డ్‌గా మార్చి చూడండి.

## 10. తరచూ వచ్చే చిక్కులు

పీసీ ఆన్ అవుతుంది, తెర నల్లగా ఉంటుంది. సర్వర్ కార్డులు కొన్ని మామూలు బోర్డులతో ఎస్ఎంబస్ (బోర్డు, కార్డు చిన్న సమాచారం పంచుకునే లైన్) పిన్నుల దగ్గర తగాదా పడతాయి. కార్డు అంచు మీద బీ5, బీ6 పిన్నులు రెండింటినీ కాప్టన్ టేపుతో (వేడిని తట్టుకునే పల్చని ఇన్సులేషన్ టేపు) మూసి పెడితే లేచే అవకాశం ఉంది. చేసేముందు కార్డు లేకుండా, తర్వాత వేరే స్లాటులో పెట్టి చూడండి.

బూట్ కావడానికి నిమిషాలు పడుతోంది. ప్రతి పోర్టూ నెట్‌వర్క్ నుంచి బూట్ చెయ్యాలని వెతుకుతోంది. బయోస్‌లో నెట్‌వర్క్ బూట్, ఆప్షన్ రామ్ ఆపెయ్యండి.

లింకు 100 దగ్గరే ఆగింది, వేగం 94. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి. ఒక జత తెగినా 100కి పడిపోతుంది. కనెక్టర్ మళ్ళీ క్రింప్ చేయించండి. చవక తీగల్లో రాగి పూసిన అల్యూమినియం చాలా ఎక్కువ. కొన్నప్పుడు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే వద్దు.

కొత్త కార్డు పెట్టగానే ఇంటర్నెట్ రావడం లేదు, పాత రౌటర్‌తో వస్తోంది. కొందరు కేబుల్ ఆపరేటర్లు పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌ని తమ దగ్గర కట్టేసి ఉంచుతారు. ఫోన్ చేసి మార్పించుకోండి, లేదా కొత్త పోర్టుకి పాత మ్యాక్ రాయండి. అంతకుముందు ఫైబర్ పెట్టెని పది నిమిషాలు ఆపి చూడండి, చాలాసార్లు అంతటితో పోతుంది.

ఎక్స్520లో పోర్టు అసలు కనబడటం లేదు. ఇంటెల్ ఆమోదించని ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ (ఆ పోర్టులో దూర్చే కనెక్టర్ ముక్క) పెడితే డ్రైవర్ ఆ పోర్టును లేపదు. లినక్స్‌లో ఐఎక్స్‌జీబీఈ డ్రైవర్‌కి అలో అన్‌సపోర్టెడ్ ఎస్‌ఎఫ్‌పీ ఆప్షన్ ఇవ్వాలి, లేదా ఇంటెల్ కోడింగ్ ఉన్న మాడ్యూల్ కొనాలి.

పోర్టుల పేర్లు మారిపోయాయి. కొత్త కార్డు పెట్టినా, స్లాటు మార్చినా పేర్లు మారతాయి. అందుకే కార్డు మార్చేముందు సెట్టింగ్స్ బ్యాకప్, మానిటర్, కీబోర్డు మూడూ దగ్గరుంచుకోండి.

## 11. పిడుగు, ఉప్పుగాలి

పోర్టులు చచ్చేది ఎక్కువగా డాబా మీంచి దిగే తీగల వల్ల. పైన కెమెరా, వైఫై పెట్టె, పక్కింటికి లాగిన ల్యాన్ తీగ, స్తంభం నుంచి ఫైబర్ కాకుండా రాగి తీగతో ఇంటర్నెట్ ఇచ్చే ఆపరేటర్ లైను: వీటిలో ఏదీ నేరుగా నాలుగు పోర్టుల కార్డులోకి రాకూడదు. మధ్యలో ఒక చవక స్విచ్ పెట్టండి. ఉరుములతో వాన పడిన రాత్రి పోతే మొదట అది పోతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న ఇంట్లో ల్యాన్ సర్జ్ ప్రొటెక్టర్ కూడా పెట్టొచ్చు. ఎర్తింగే లేని ఇంట్లో అది అలంకారమే.

లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, రుషికొండ వైపు, సముద్రం కనబడే ఇళ్ళలో:

- ఖాళీ పోర్టులకి రబ్బరు మూతలు పెట్టండి. ఆర్‌జే45 డస్ట్ ప్లగ్ అని అడిగితే ఇస్తారు
- పీసీని సముద్రం వైపు కిటికీ పక్కన, బాల్కనీ అలమరలో పెట్టొద్దు
- వాడని రెండో కార్డును యాంటీ స్టాటిక్ కవర్లో, సిలికా జెల్ పొట్లంతో, మూత గట్టిగా పడే డబ్బాలో ఉంచండి
- ఏడాదికి రెండుసార్లు, వేసవికి ముందొకసారి, తుఫానుల కాలానికి ముందు సెప్టెంబర్‌లో ఒకసారి, మూత తీసి దుమ్ము ఊది, పోర్టుల్లో టార్చి వేసి చిలుము చూడండి
- అప్పుడే ఈథ్‌టూల్ ఎర్రర్ల అంకె కూడా రాసుకోండి. నిరుడు సున్నా ఉన్న పోర్టులో ఈ ఏడు వందలు కనిపిస్తే తీగనూ కనెక్టర్‌నూ అప్పుడే మార్చెయ్యండి